యాడ నొప్పి?

అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరని సామెత. ఆ సోమవారం పొద్దున, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే చింతామణి అనే ఊరిబయటి కాలేజీలో ఆ తిరకాసు తలకిందులుగా వచ్చిపడింది. మోస్తామని నలభై మంది నిలబడ్డారు. ఎక్కి పడుకుంటాననేవాడు ఒక్కడూ లేడు.

పాకిస్తాన్‌తో యుద్ధం ఆగి నెల దాటింది. బాంబు పడితే ఏం చేయాలి, నిప్పంటుకుంటే ఏం చేయాలి, దెబ్బ తగిలినవాణ్ణి ఎట్లా ఎత్తాలి అన్నది కాలేజీలో ఉన్న ప్రతి మనిషికీ నేర్పాలని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. ప్రతి మనిషి అంటే విద్యార్థులు, లెక్చరర్లు, గుమాస్తాలు, హాస్టల్లో రాగిముద్ద కెలికే వంటవాళ్ళతో సహా అని అందులో విడమరిచి రాసి ఉంది. ఈ తరబేతి, అంటే శిక్షణ, ఇవ్వడానికి బెంగళూరు నుంచి నరసింహయ్య అనే ఆయన బస్సు దిగాడు. ఇరవై ఏళ్ళు మిలిటరీ ఆస్పత్రుల్లో పనిచేసి వచ్చిన మనిషి. వెంట గోనెసంచెడు గుడ్డ కట్లు, ఎర్ర రంగు వేసిన బకెట్లు, రెండు స్ట్రెచర్లు తెచ్చాడు.

ఆ స్ట్రెచర్ల దగ్గరే వచ్చింది చిక్కంతా. రెండు పొడుగాటి కర్రలు, మధ్యన గుడ్డ, మోయడానికి నలుగురు. చూడగానే అందరికీ ఒకటే గుర్తొచ్చింది, ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనలేదు. బతికున్న మనిషి కోరి కోరి దానిమీద వెల్లకిలా పడుకుంటాడా? ఒక అబ్బాయి తను వాళ్ళమ్మకు ఒక్కడే కొడుకన్నాడు. ఇంకొకడు ఇవాళ సోమవారం, ఒంటిపొద్దు ఉన్నానన్నాడు. బాగేపల్లి వైపు పెద్ద రైతు కొడుకు మునినారాయణ ఎన్.సి.సి. దళానికి నాయకుడు, బూట్లు తళతళలాడించుకుని అందరికంటే ముందు నిలబడేవాడు. అతను కూడా మోసే జట్టుకు తానే పెద్దనని చెప్పి తప్పుకున్నాడు. లెక్చరర్లు తమ నోటుపుస్తకాల్లో ఏదో వెతుక్కోసాగారు.

ప్రిన్సిపాల్ గారి చూపు అందరి మీదా తిరిగి తిరిగి, వరండాలో గంట పక్కన నిలబడి ఉన్న పిళ్ళప్ప మీద ఆగింది.

పిళ్ళప్ప ఆ కాలేజీ జవాను. గంట కొట్టడం, నీళ్ళు నింపడం, ఫైళ్ళు మోయడం ఆయన పని. వయసు యాభై, ఒంట్లో కండ కంటే ఎముకే ఎక్కువ. ఆరేళ్ళుగా పనిచేస్తున్నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏ నెలకానెల ఉంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు. ప్రిన్సిపాల్ గారు దగ్గరికి పిలిచి చల్లగా చెప్పారు. మూడు రోజుల పని, బుధవారం యూనివర్సిటీ నుంచి పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, అంతా చక్కగా జరిగితే నిన్ను ఖాయం చేయమని నేనే రాస్తాను అని. ఇక పిళ్ళప్పకు అటూ ఇటూ చూసే పని లేకపోయింది. తలగుడ్డ విప్పి మడత పెట్టి తల కిందికి పెట్టుకుని, తూర్పుకు ఒకసారి దండం పెట్టి స్ట్రెచర్ మీద పడుకున్నాడు.

నరసింహయ్య ఆయన చొక్కాకు ఒక చీటీ కట్టాడు. కుడి కాలు విరిగిందని దానిమీద రాసి ఉంది. పిళ్ళప్ప చేయాల్సింది ఒక్కటే. ఎవరొచ్చి నొప్పి ఎక్కడని అడిగినా కుడి కాలని చెప్పాలి. ఆ తరువాత నరసింహయ్య పిల్లలవైపు తిరిగి తన మొదటి పాఠం చెప్పాడు. కట్టు కట్టే చెయ్యి కంటే ముందు అడిగే నోరు ఉండాలి, అడగకుండా ముట్టొద్దు. ఇది రాసుకోండి అన్నాడు. నలభై మందీ రాసుకున్నారు.

రాసుకున్నది రాసుకున్నట్టే చేశారు. ఒకడి తరువాత ఒకడు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని "యాడ నొప్పి?" అనేవాడు. పిళ్ళప్ప "కుడి కాలు" అనేవాడు. వాడు చెక్కబద్దలు అటూ ఇటూ పెట్టి గుడ్డతో కట్టి, విప్పి, లేచిపోయేవాడు. మళ్ళీ ఇంకొకడు. మధ్యాహ్నానికి పిళ్ళప్పకు ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చేస్తోంది. హాస్టల్ వంటమనిషి హనుమక్క వంతు వచ్చినప్పుడు ఆమె సిగ్గుపడి అసలు అడగనే లేదు, అయినా ఈయన కుడి కాలనే చెప్పాడు.

కాలేజీలో ఆడపిల్లలు ఐదుగురే. మోయడం ఆడవాళ్ళ పని కాదని ప్రిన్సిపాల్ గారు వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి, వాడిన కట్లు చుట్టలు చుట్టి పెట్టమన్నారు. వాళ్ళలో కైవారం పిల్ల లక్ష్మీనరసమ్మ గుడ్డ చుడుతూనే మోసేవాళ్ళ కాళ్ళవైపు చూస్తుండేది. మోసేవాళ్ళు నలుగురూ ఎన్.సి.సి. వాళ్ళు. అడుగులు కలపొద్దు, కలిపితే పైనున్న మనిషి ఊగిపోతాడని నరసింహయ్య పదిసార్లు చెప్పాడు. పాపం వాళ్ళేం చేస్తారు, రెండేళ్ళు ఎండలో ఎడమ కుడి ఎడమ కుడి అని తొక్కిన కాళ్ళు. నాలుగు అడుగులు విడివిడిగా పడేవి, ఐదో అడుగుకు నాలుగు జతల బూట్లూ ఒక్కసారే దభీమనేవి. పిళ్ళప్ప ఉయ్యాల్లో బిడ్డలాగా ఆ కొసకూ ఈ కొసకూ ఊగేవాడు. సాయంత్రానికి ఆయన కళ్ళు మూసుకునే ఎవరు ఏ మూల పట్టారో చెప్పగలిగేంత వాడయ్యాడు. ఎడమ చెవి పక్కన కిర్రుకిర్రుమనే కొత్త బూటు మునినారాయణది.

పొద్దు వాలుతుండగా ఇంటికి పోతే పెళ్ళాం చౌడమ్మ గుమ్మంలోనే ఆపింది. కుడి కాలు ఎందుకు ఈడుస్తున్నావని అడిగింది. పిళ్ళప్ప కిందికి చూసుకున్నాడు. నిజమే, తనకు తెలియకుండానే కుంటుతున్నాడు. జరిగింది చెబితే ఆమె నవ్వలేదు. పిడికెడు ఉప్పు తెచ్చి తలచుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. బతికినోణ్ణి నలుగురి చేతా మోయిస్తారా, వాళ్ళ చదువులు సంతకెళ్ళ అని తిట్టి, తట్టల్లోని పట్టుపురుగులకు ఆకు వేయడానికి పోయింది. పురుగు పొర విడిచే నాలుగో నిద్ర లేచి వారమైంది. రేపు సాయంత్రానికి పండుతుందని, రేపు మాత్రం తొందరగా రమ్మని లోపల్నించి చెప్పింది.

*

మంగళవారం నాటి పని రసాయనశాస్త్రం గది ముందు. ఆ గదిలో నిప్పంటుకున్నట్టూ, పిళ్ళప్ప లోపల పడి ఉన్నట్టూ, నలుగురు పోయి ఎత్తుకొచ్చినట్టూ చూపాలి. గది ముందు మూడు రాతి మెట్లు. నరసింహయ్య వెనకవైపు వంటవాళ్ళకు బకెట్లతో నీళ్ళు చల్లడం నేర్పుతున్నాడు. ఇక్కడి జట్టుకు పెద్ద మునినారాయణే.

గదిలోంచి బాగానే వచ్చారు. మొదటి మెట్టు బాగానే దిగారు. రెండో మెట్టు మీద ఉండగా ఆఫీసు తలుపు తీసుకుని ప్రిన్సిపాల్ గారు బయటికి వచ్చారు.

పిళ్ళప్పకు ఆకాశం తప్ప ఏమీ కనపడటం లేదు. ఎడమ చెవి పక్కన కిర్రుమంటున్న బూటు ఒక్కసారి ఆగింది. మడమకు మడమ కొట్టుకుని టక్కుమంది. ఆ వెంటనే నేల వచ్చింది.

పెద్దవాళ్ళు కనపడితే చేతిలో ఏముందో చూసుకోకుండా సెల్యూట్ కొట్టే అలవాటు ఆ కుర్రవాడిది. రెండేళ్ళుగా నేర్పింది అదే. ఖర్మకాలి ఆ క్షణాన అతని కుడి చేతిలో ఉన్నది ఒక మనిషి తలభాగం. ప్రిన్సిపాల్ గారికి సెల్యూట్ కనిపించింది, దానికి తల ఊపారు కూడా. చెయ్యి వదిలింది మాత్రం కనిపించలేదు. జవాను రాళ్ళమీద బోర్లా పడి ఉండటం తరువాత కనిపించింది.

"పడుకోనేదానికి కూడా చేత కాదా పిళ్ళప్పా? రేపు పెద్దోళ్ళ ముందర ఇట్ల చేస్తే ఎట్ల?" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

కొందరు కుర్రవాళ్ళు నవ్వారు. మునినారాయణ నవ్వలేదు. అతని ముఖం పాలిపోయింది. గబగబా వచ్చి లేవదీసి ఏం కాలేదు కదా అన్నాడు. ఎడమ మణికట్టు కింద పడి ఒళ్ళంతా దానిమీద పడిందని పిళ్ళప్పకు తెలుస్తూనే ఉంది. చెయ్యి చంకలో పెట్టుకుని ఏం కాలేదని చెప్పాడు. నెలకానెల ఉద్యోగం చేసేవాడు నొప్పి అంటే, రేపు పడుకోవడానికి ఇంకొకణ్ణి వెతుకుతారు. రేపు ఇంకొకడు పడుకుంటే, ఆ రాయాల్సిన ఉత్తరం వాడికి రాస్తారు. ఇది తప్పుడు లెక్కే కావచ్చు, కానీ ఆయనకు వచ్చిన లెక్క అదొక్కటే.

మళ్ళీ పడుకోబెట్టారు. వరుసలో తరువాతి కుర్రవాడు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. యాడ నొప్పి అన్నాడు. పిళ్ళప్ప కుడి కాలన్నాడు. అబ్బాయి ఎంతో శ్రద్ధగా కుడి కాలికి బద్దలు పెట్టి కట్టాడు. ఆ రెండు రోజుల్లో కట్టిన కట్లన్నిటిలోకీ అదే బాగా కుదిరిందని లెక్చరర్ మెచ్చుకున్నాడు కూడా. ఆ కట్టు కడుతున్నంతసేపూ పక్కనే ఎడమ మణికట్టు ఉబ్బుతూనే ఉంది. నలభై మంది ప్రథమ చికిత్స నేర్చుకుంటున్న చోట, ఉన్న ఒక్క దెబ్బనూ ఎవరూ చూడలేదు.

ఎవరూ చూడలేదంటే తప్పు. వరండాలోంచి లక్ష్మీనరసమ్మ చూసింది. లేచి వచ్చి లెక్చరర్‌తో, పిళ్ళప్ప నొప్పికి తన చెయ్యి తానే పట్టుకుంటున్నాడని చెప్పింది. పిళ్ళప్పే ఏం లేదంటుంటే నీకెందుకమ్మా, పోయి గుడ్డలు చుట్టుకో అన్నాడాయన. ఆమె పోయి కూర్చుంది గానీ మళ్ళీ గుడ్డ ముట్టలేదు.

ఇల్లు చేరేసరికి చౌడమ్మ ఎదురుచూస్తోంది. పురుగు పండింది. పండిన పురుగు ఒళ్ళు బంగారు రంగుకు తిరిగి, వెలుతురుకు పెడితే లోపల కనపడుతుంది. ఆకు ముట్టదు, తల ఎత్తి అటూ ఇటూ ఆడిస్తుంది. దాన్ని రెండు వేళ్ళ కొసలతో, పసిబిడ్డ చెవి పట్టుకున్నంత మెత్తగా తీసి, చంద్రిక మీద వేయాలి. చంద్రికంటే మనిషి పొడుగుండే వెదురు చాప, దానిమీద చుట్టలు చుట్టలుగా వెదురు దడి ఉంటుంది. ఆ సందుల్లో పురుగు కూర్చుని గూడు కట్టుకుంటుంది. ఏరడం ఆలస్యమైతే తట్టలోనే దారం కక్కేసి నెల కష్టం పాడవుతుంది.

పిళ్ళప్ప కూర్చున్నాడు. కుడి చేత్తో ఏరుతున్నాడు. చౌడమ్మ రెండు చేతులా ఏరుతూ, ఈయన ఒక్క చేత్తో ఎందుకు ఏరుతున్నాడా అని ఓరగా చూసింది. ఆమె చూసిందని తెలిసి ఎడమ చెయ్యి కూడా ముందుకు చాపాడు. ఒక పురుగును పట్టాడు. పట్టు నిలవలేదు, పురుగు జారి గచ్చు మీద పడింది. చౌడమ్మ దాన్ని తీసి పెట్టి, మొగుడి చొక్కా చెయ్యి పైకి తోసింది. మణికట్టు వంకాయలాగా నిగనిగలాడుతోంది.

"యాడ నొప్పి?" అంది.

"కుడి కాలు" అన్నాడు పిళ్ళప్ప.

అన్నాక తనేమన్నాడో తనకే వినపడింది. ఒక్క గడియ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు చౌడమ్మకే నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఈయనకూ వచ్చింది. తట్టల మధ్య కూర్చుని మొగుడూ పెళ్ళాలు కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైట కొంగుతో తుడుచుకుని, మిగిలిన పురుగులన్నీ తనే ఏరింది. ఆ తరువాత చింతాకు ఉడకబెట్టి, వేడివేడిగా పాతగుడ్డలో పెట్టి మణికట్టుకు కట్టింది. ఎట్లా పడ్డావంటే చెప్పాడు, సెల్యూట్ సంగతి కూడా దాచలేదు.

చౌడమ్మ కట్టు ముడి బిగించింది. "రేపు ఇంకా పెద్దోళ్ళు వస్తారంటివే. ఒక్కాయన్ని చూసి ఒక చెయ్యి లేస్తే, పదిమందిని చూసి ఎన్ని చేతులు లేస్తాయప్పా?"

పిళ్ళప్పకు ఇంతవరకూ ఆ లెక్క తట్టలేదు. తట్టాక మాత్రం ఇంకే లెక్కా తోచలేదు. పోవద్దంది ఆమె. పోకపోతే ఆరేళ్ళ చాకిరీ గంగలో కలుస్తుందన్నాడు ఈయన. ఇద్దరూ చెప్పింది నిజమే కాబట్టి మాట అక్కడితో ఆగిపోయింది.

*

బుధవారం పొద్దున పిళ్ళప్ప చింతాకు కట్టు విప్పేసి, చొక్కా చెయ్యి కిందికి లాక్కుని పోయాడు. కాలేజీ ముందు షామియానా వేశారు. యూనివర్సిటీ పెద్దలు ముగ్గురు కుర్చీల్లో కూర్చున్నారు. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. పెద్దలున్నారు కాబట్టి ఇవాళ అంతా కన్నడంలో జరగాలని, మునినారాయణ అడగాల్సిందీ పిళ్ళప్ప చెప్పాల్సిందీ ముందే వల్లె వేయించారు. అతను "ఎల్లి నోవు?" అనాలి. ఈయన "బలగాలు" అనాలి. యాడ నొప్పి, కుడి కాలు, అదే మాట.

గంట కొట్టారు. రోజూ కొట్టేవాడు స్ట్రెచర్ మీద ఉన్నాడు కాబట్టి గుమాస్తా కొట్టాడు, వంకరగా మోగింది. మునినారాయణ పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, షామియానాకు వినిపించేలా అడిగాడు.

పిళ్ళప్ప నోరు తెరిచాడు. తల పక్కకు తిప్పి ఉన్నందున గోడ దగ్గరి జనం కనపడుతున్నారు. వాళ్ళ ముందు చౌడమ్మ నిలబడి ఉంది. ఆమె గొడవ పెట్టుకోవడానికి రాలేదు. కొంగు మడతలో ఆవిరి వస్తున్న గుడ్డమూట ఉంది. మళ్ళీ ఉడకబెట్టిన చింతాకు. ఈ తంతు అయిపోయిన వెంటనే కట్టాలని వేడి ఆరకుండా పొట్టకు అదుముకుని నిలబడింది. అడగాల్సిన ప్రశ్న నిన్ననే అడిగేసింది, జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తున్నట్టుంది.  మూడు రోజుల్లో తనను నూటికి పైన మార్లు అడిగారు. నిజంగా అడిగింది ఒక్క మనిషి, ఆమెకూ తను అబద్ధమే చెప్పాడు.

"ఎడమ చెయ్యి" అన్నాడు తెలుగులో.

మునినారాయణ బిత్తరపోయి, కుడి కాలు, కుడి కాలు అని గొణిగాడు.

"కుడి కాలికేమీ గాలేదయ్యా, అది బాగుండాది. ఎడమ చెయ్యి నిన్నటి నుంచి నొస్తాండాది."

షామియానా కింద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి సగం లేచారు. నరసింహయ్య అప్పటికే వచ్చి పక్కన కూర్చున్నాడు. అడిగి, ముట్టాడు. చొక్కా చెయ్యి పైకి తీసి, వేళ్ళు ఒక్కొక్కటీ కదిలించమని చెప్పి చూశాడు. లేచి నిలబడి, ఎవరినీ పేరు పెట్టకుండా, మెల్లగానే అన్నాడు. "ఈ మనిషి మన మధ్యలో ఒక పొద్దంతా దెబ్బతో పడుకోనుండాడు. మనం కాలికి కట్టు కడతా ఉంటిమి. తప్పు నాది, నేర్పింది నేను."

పెద్దల్లో ఒకాయన ఎట్లా పడ్డావని అడిగాడు. మోసేటప్పుడు ఒక చెయ్యి వదిలిందని పిళ్ళప్ప చెప్పాడు. ఎవరి చెయ్యి అని అడిగాడాయన. మునినారాయణ తల దించుకుని బూట్లవైపు చూస్తున్నాడు. పిళ్ళప్ప తనకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదని చెప్పాడు, అది నిజమే కదా.

మణికట్టుకు బద్ద పెట్టి కట్టారు. లోపల ఎముక చిట్లి ఉండవచ్చు, ఊళ్ళో ఆస్పత్రికి తీసుకుపోవాలి, బండి గేటు దగ్గర ఉందన్నాడు నరసింహయ్య. పిళ్ళప్ప లేవబోతే కళ్ళు తిరిగాయి. రాత్రి నొప్పికి ముద్ద దిగలేదు, పొద్దున భయానికి దిగలేదు. పడుకో, మోసుకుపోతారన్నారు. నలుగురు కుర్రవాళ్ళూ నాలుగు మూలలకు వచ్చారు.

చౌడమ్మ జనాన్ని తోసుకుని వచ్చి స్ట్రెచర్‌కు అడ్డం నిలబడింది.

"మీరు మొయ్యొద్దు నాయనా. మంచోళ్ళే మీరు, కానీ పెద్దోళ్ళు కనపడితే మీ చేతులు లేస్తాయి. మేము చంద్రిక ఎత్తినామంటే ఎదురుగ్గా దేవుడి ఉత్సవం వచ్చినా దండం పెట్టము. దించినాకనే మొక్కేది."

గోడ దగ్గరి ఆడవాళ్ళు అవునవునన్నారు. ఆ తాలూకాలో పురుగు సాకే ప్రతి ఇంటి పద్ధతీ అది. పండిన పురుగులున్న చంద్రికను ఎండకూ గాలికీ బయటికి తెచ్చేది, లోపలికి చేర్చేది ఆడవాళ్ళే. కాస్త వంగితే, కాస్త కుదిపితే కట్టే గూడు చెడుతుంది. చేతిలో చంద్రిక ఉన్న ఆడమనిషి మామకు ముసుగు సర్దుకోదు, ఏడ్చే బిడ్డ వైపు తిరగదు, దేవుడికి చెయ్యెత్తదు. ఎవరూ తప్పు పట్టరు కూడా.

వరండాలోంచి లక్ష్మీనరసమ్మ దిగి వచ్చింది. పైట నడుముకు దోపుకుని ఎడమ తలవైపు మూల పట్టింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు, ఒకామెది శిడ్లఘట్ట, ఒకామెది ఇక్కడే పక్క పల్లె. ముగ్గురిళ్ళలోనూ పురుగుంది. ఆడపిల్లలు మోయడమేమిటి, వాళ్ళ నాయనలకు నేనేం చెప్పాలని ప్రిన్సిపాల్ గారు నరసింహయ్య చెవిలో అన్నారు. వాళ్ళ నాయనల ఇళ్ళలో మోసేది వీళ్ళే కదా సార్ అని ఆయన చెవిలో ఈయన అన్నాడు.

చౌడమ్మ చింతాకు మూట మొగుడి పొట్టమీద పెట్టి, కాళ్ళవైపు ఒక మూల పట్టుకుంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. ఊ అని ఒక చిన్న చప్పుడు చేసింది ఆమె. నలుగురూ లేచారు.

పిళ్ళప్పకు లేచినట్టే తెలియలేదు. మూడు రోజులుగా ఆకాశం ఆయన మీద అటూ ఇటూ ఊగుతుండేది. ఇవాళ కదలకుండా నిలబడింది. నాలుగు మూలలా నాలుగు రకాల నడకలు, ఒక పాదం పడేటప్పుడు ఇంకొకటి లేస్తోంది, ఎక్కడా దెబ్బ లేదు. షామియానా పక్కగా పోతుంటే పెద్దలు లేచి నిలబడ్డారు. ఎవరి చెయ్యీ లేవలేదు. నరసింహయ్య కుర్రవాళ్ళను దగ్గరికి పిలిచి, ముఖాలు కాదు, కాళ్ళు చూడండి అంటున్నాడు.

గేటు దాకా వచ్చాక చౌడమ్మ వెనక్కి తిరక్కుండానే అడిగింది. "యాడ నొప్పి?"

"ఎడమ చెయ్యే" అన్నాడు పిళ్ళప్ప. "కొంచెం గట్టిగానే ఉండాది మే."

 ఆమె భుజాలు కాస్త దిగాయి.

*

ఎముక చిట్లిందని, నెల రోజులు కదిలించొద్దని ఆస్పత్రిలో చెప్పారు. ఖాయం చేయమనే ఉత్తరం ప్రిన్సిపాల్ గారు రాశారో లేదో తెలియదు. శుక్రవారం ఫైలు ఇవ్వబోతే ఆయనే లేచి వచ్చి అందుకున్నారు, ఏదో అనబోయి, నీళ్ళు నువ్వు మోయొద్దులే అని మాత్రం అన్నారు. ఉత్తరం సంగతి నేనే పోయి అడగాల అని పిళ్ళప్ప అనుకున్నాడు. అనుకున్నందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది. ఇంటి దగ్గర చంద్రికల నిండా గూళ్ళు కట్టాయి. కింద పడిన పురుగు కూడా కట్టింది, కొంచెం పలచగా.

తరబేతి ఆగలేదు. నరసింహయ్య ఇంకో వారం ఉండిపోయాడు. సోమవారం పొద్దున మళ్ళీ మైదానంలో స్ట్రెచర్ పరిచారు. ఈసారి ఆడపిల్లలు ఐదుగురూ మోసే జట్టులో ఉన్నారు. పడుకునేదెవరు అని నరసింహయ్య అడిగాడు. పిళ్ళప్ప అలవాటు కొద్దీ తలగుడ్డ మీద చెయ్యి వేశాడు.

అంతలో మునినారాయణ ముందుకు వచ్చాడు. బూట్లు విప్పి జతగా పక్కన పెట్టి, స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకున్నాడు. వాళ్ళమ్మ చూసి ఉంటే గుండె పగిలేది. నరసింహయ్య చీటీ కట్టబోయి ఆగి, అడిగే పని పిళ్ళప్పకు అప్పజెప్పాడు. ఇక్కడ ఈ పని బాగా తెలిసినవాడు ఆయనే అన్నాడు.

మెడలో వేలాడే చేతితో పిళ్ళప్ప మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "యాడ నొప్పి అయ్యా?" అని అడిగి, ఊరుకున్నాడు. అడిగినాక కాసేపు ఆగాలని ఏ పుస్తకంలోనూ రాయలేదు. పడుకున్నవాడికే తెలుస్తుంది అది.

కుర్రవాడు ఆకాశం వైపు చూస్తున్నాడు. పెదవులు కదిలాయి, కుడి కాలు అనబోయినట్టే ఉంది. అనలేదు. కంటి కొసనుంచి నీటిచుక్క చెవిలోకి జారింది.

"మెట్ల కాడ చెయ్యి వదిలింది నేనే పిళ్ళప్పా" అన్నాడు, ఒక్కడికే వినపడేలా.

"తెలుసప్పా" అన్నాడు పిళ్ళప్ప. తలగుడ్డ విప్పి, ఒక్క చేత్తోనే మడత పెట్టి, అబ్బాయి తల ఎత్తి కింద పెట్టాడు. తరువాత నాలుగు మూలలా నిలబడిన ఆడపిల్లల వైపు తిరిగి, ఇంక ఎత్తండమ్మా అన్నాడు.